దొన్ ఫెర్మిన్ మూసిన అల్మరా

దొన్ ఫెర్మిన్‌ను ఏదైనా అడగవచ్చు, ఒక్కటి తప్ప: లోపల ఏముందని. సంచిలో ఏముంది, గిన్నెలో ఏముంది, మనసులో ఏముంది, ఆఖరికి నోట్లో ఏం నములుతున్నారని అడిగినా సరే, ఆయన మొహం కొట్టు కట్టేసే వేళ షట్టరులా కిందికి దిగిపోయేది. "లోపల ఏముందని అడక్కు. ఏం కావాలో అడుగు," అనేవాడు. అడిగినవాడికి అప్పటికే ఏమీ అక్కర్లేకుండా పోయేది.

లోకంలో గుట్టుగా బతికేవాళ్ళకు కొదవలేదు. పిసినారి దాస్తాడు, దొంగ దాస్తాడు, కొత్తకోడలు దాస్తుంది, పాతకోడలు దాచింది ఎక్కడ దాచిందో మరిచిపోతుంది. వీళ్ళందరికీ దాచడం వల్ల ఏదో ఒక లాభం ఉంటుంది. దొన్ ఫెర్మిన్ మాత్రం వర్షం కురుస్తోందన్న సంగతిని కూడా గొడుగు చాటున దాచేవాడు.

సుల్మాకు ఆయన మళ్ళీ కనబడింది నడిదారిలో. రాజధాని మోంతెవీదెయో నుంచి ఉత్తరంగా పోయే బస్సు ఏదో మోత చేసి ఒక రోడ్డుపక్క హోటలు ముందు నిలబడిపోయింది. డ్రైవరు బానెట్ తెరిచి లోపలికి చూస్తూ అమ్మనాబూతులు తిడుతున్నాడు. ప్రయాణికులు దిగి, చంకలో ఫ్లాస్కులు, చేతిలో మాతే ఆకు నానేసుకుని తాగే బుర్రలతో నీడ వెతుక్కున్నారు. హోటల్లో రొట్టెలు కట్టే కౌంటరు దగ్గర ఎవరో గొడవపడుతున్నారు.

"రెండో కాగితం కూడా చుట్టమ్మా."

"ఒకటి చాలదా తాతా? ఉన్నది రొట్టె, మధ్యలో నాలుక మాంసం. బంగారం కాదుగా!"

"అదిగో, లోపలున్నది బయటికి చెప్పేశావు. ఇంకోటి కట్టు, ఈసారి చెప్పకుండా."

ఆ గొంతు వినగానే సుల్మా నవ్వేసింది. ఈ భూమండలం మీద అలా మాట్లాడే మనిషి ఒక్కడే.

"దొన్ ఫెర్మిన్! మీరేంటి ఇక్కడ?"

"బస్సు ఆగింది."

"అది నాకూ తెలుసు. ఎక్కడికని?"

"బస్సు పోయేచోటికి."

"ఎవరి దగ్గరికి?"

ఆయన ఫ్లాస్కు తొడుగును కొంచెం పైకి లాగాడు. ఆ తొడుగు ఆయన స్వయంగా కుట్టుకున్నది. ఫ్లాస్కులో వేడినీళ్ళు తప్ప మరేమీ ఉండవని ఆ దేశంలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. అయినా తొడుగు ఉండాల్సిందే. "మా అత్త దగ్గరికి," అన్నాడు చివరికి.

సుల్మా ఆయన కింద ఏళ్ళ తరబడి పనిచేసింది. అత్త అన్న మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఆయన వయసు చూస్తే ఆ అత్త ఇంకా బతికి ఉండాలంటే తాబేలు వంశమై ఉండాలి.

ఇక్కడ ఆయన రెండో గుణం కూడా చెప్పాలి. అది మొదటిదానికి కవలపిల్ల. ఆయన ఏదీ చూపించడు, కానీ ఒకసారి ఎవరికైనా అలవాటు చేసినదాన్ని చచ్చినా మాన్పించడు. యవ్వనంలో ఆయన వెదురు కర్రలా ఉండేవాడట. స్నేహితులు 'ఫ్లాకో' అనేవారు, అంటే బక్కోడని. ఇప్పుడు ఆయనకు బస్సులో ఒక సీటు చాలదు, రెండు ఎక్కువ. అయినా ఎవరైనా "ఏయ్ ఫ్లాకో!" అంటే ఠక్కున పలుకుతాడు.

"ఇంకా ఆ పేరేంటండీ, ఎవరైనా నవ్వుతారు," అని సుల్మా ఒకసారి అంది.

"పేరు నాది, పిలిచే అలవాటు వాళ్ళది. నేను లావెక్కానని వాళ్ళ నోరెందుకు మార్చుకోవాలి?"

ఆయన ఇంటి గుమ్మం చూస్తే ఇదంతా తెలిసిపోయేది. తాతల కాలపు ఇత్తడి గంట ఒకటి, దానికి తాడు. పక్కన తలుపు తట్టే ఇనుప పిడికిలి. దాని పక్కన కరెంటు గంట. పల్లెనుంచి వచ్చినవాళ్ళు గేటు బయట నిలబడి చప్పట్లు కొడతారు గదా, వాళ్ళ కోసం వంటింటి కిటికీ ఎప్పుడూ ఓరగా తెరిచే ఉండేది. ఎలా పిలిచినా తలుపు తెరుచుకునేది. తెరుచుకున్నాక మాత్రం గుమ్మంలో ఆయన దేహం అడ్డంగా ఉండేది. ఇంటి లోపల ఏముందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

ఇక వాళ్ళ ఉద్యోగం సంగతి. నదుల ఒడ్డున నీటిమట్టం కొలిచే స్తంభాలుంటాయి. వాటినుంచి వచ్చే కబుర్లను అందుకుని, నీళ్ళెంత, వానెంత, గాలి వేడి ఎంత అని చెప్పే ఒక లైబ్రరీని ఆయన రాశాడు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. వేరేవాళ్ళ ప్రోగ్రాములు తమకు చేతకాని పనిని అడిగి చేయించుకునే కోడు మూట. దేశమంతటా నదులున్న ప్రతి ఊళ్ళో ఏదో ఒక ప్రోగ్రాం ఆ మూట మీద ఆనుకుని బతుకుతోంది. ఆ మూట లోపల ఒక అల్మరా ఉందనుకోండి, అంకెలన్నీ అందులో సొరుగుల్లో ఉంటాయి. పద్ధతి ప్రకారం కౌంటరు దగ్గర నిలబడి "నీళ్ళెంత?" అని అడగాలి. కానీ తొలి రోజుల్లో ఆ అల్మరాకు తలుపు లేదు. ఓపిక లేనివాళ్ళు కౌంటరు పక్కనుంచి చెయ్యి చాపి సొరుగు తామే లాగేసుకునేవారు.

"లాగితే ఏమైంది?" అని కొత్తగా చేరిన రోజుల్లో సుల్మా అడిగింది. జవాబు ఆయన చెప్పలేదు, గుమెర్సిందో చెప్పాడు, అదీ నోటినిండా నురగతో.

గుమెర్సిందో ఆఫీసులో సీనియరు. పేపరు చదువుతూ, తల తిప్పకుండా, వంటగది అల్మరాలో పైనుంచి రెండో సొరుగులో చెయ్యి పెట్టి మాతే ఆకు తీసి బుర్రలో పోసుకోవడం ఆయన అలవాటు. ఒక సోమవారం ఎవరో మంచి మనసుతో ఆ అల్మరా పైన కొత్త సొరుగొకటి బిగించారు. అంతే, అన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి. పేపర్లో ఫుట్‌బాల్ వార్త ఉంది. గుమెర్సిందో పైనుంచి రెండో సొరుగులో చెయ్యి పెట్టాడు, బుర్ర నింపాడు, వేడినీళ్ళు పోశాడు, గొట్టంతో దీర్ఘంగా పీల్చాడు.

గిన్నెలు తోమే సబ్బుపొడి.

బుడగలు మీసం మీదుగా పైకి లేస్తుంటే ఆయన అల్మరాను తిట్టాడు, సొరుగు బిగించినవాణ్ణి తిట్టాడు, రిఫరీని తిట్టాడు. దొన్ ఫెర్మిన్ మాత్రం ప్రశాంతంగా చూశాడు.

"సొరుగు పెట్టినవాడి తప్పు లేదు. చెయ్యి పెట్టినవాడి తప్పూ లేదు. చెయ్యి పట్టేలా తెరిచి ఉంచారు చూడు, అదీ తప్పు."

మర్నాటికి ఆ అల్మరాకు చెక్క బిగించి ఉంది. చెక్కకు ఒక కిటికీ. కిటికీ వెనక దొన్ ఫెర్మిన్.

"ఆకు కావాలి, దొన్ ఫెర్మిన్."

"ఇదిగో."

"ఏ సొరుగులోంచి తీశారు?"

"ఏం కావాలో అడిగావు, ఇచ్చాను. ఇంకేం కావాలి?"

వారం రోజులు ఆయన పని మానేసి అక్కడే కూర్చున్నాడు. చివరికి డైరెక్టరు బతిమాలి లేపాడు. ఇంటిగుట్టు లంకకు చేటని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ సంగతి రావణుడికి ఆలస్యంగా తెలిసింది, దొన్ ఫెర్మిన్‌కు పుట్టుకతో తెలుసు.

ఇదంతా తలుచుకుంటూ సుల్మా బస్సులో ఆయన పక్కన, అంటే మిగిలిన పావు సీట్లో, కూర్చుంది. బస్సు బాగయింది. ఆయన రొట్టెను కాగితంలో ఉంచే, కాగితం చాటునుంచి తింటున్నాడు.

"మీరు రిటైరయ్యాక లైబ్రరీ నా చేతికే ఇచ్చారు, తెలుసుగా?"

"ఊఁ."

"మీరు కలలుగన్నది చేసేశాను. అల్మరాకు తలుపు పెట్టేశాను! ఇక ఎవరూ చెయ్యి పెట్టలేరు. చెప్పుల స్టాండులో టోకెను ఇచ్చినట్టు, అడిగినవాడి చేతిలో ఒక టోకెను పెడతాం. లోపల సొరుగులు ఎలా మార్చుకున్నా వాడికి అనవసరం. చీమ కూడా దూరదు."

దొన్ ఫెర్మిన్ నమలడం ఆపాడు. ఆయన కళ్ళల్లో సంతోషం లాంటిదేదో మెరిసింది. వెంటనే టోపీ కిందికి లాక్కున్నాడు.

"పాతవాళ్ళు?"

"కౌంటరులో అడిగేవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. పాత ప్రశ్నలన్నీ అలాగే ఉంచాను. మీ శిష్యురాలిని కదా!"

"ముందు వరస?"

 అల్మరా ముందు ఒక వింత వరస ఉండేది, లోపలి అంకెలనే పొద్దస్తమానం కాపీ చేసుకుంటూ కూర్చునే నాలుగైదు ఉత్తుత్తి సొరుగులు. లైబ్రరీలో వాటిని అడిగేది ఏదీ లేదు. పక్కన ఆయన రాసిన ముక్క ఒకటే: 'తియ్యకు'. అప్పుడామె ఫోన్ చేసి ఎందుకిదని అడిగింది కూడా. జవాబు ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

"తీసేశాను. ఉత్త బరువు."

"ఊఁ," అన్నాడు. ఆ ఊఁకు బస్సు కొంచెం వంగినట్టయింది. "నువ్వెక్కడ దిగుతావు?"

"పాసో ఒందో ఊళ్ళో. అక్కడ వరద సైరన్ ఉందిట. దాని ప్రోగ్రాం రాసిన బడి మాస్టారు పోయారు, ఆయన కంప్యూటరు ఏదో పాత వరదలో కొట్టుకుపోయింది, అసలు కోడు ఎవరి దగ్గరా లేదు. కొత్త వర్షన్ పెట్టేటప్పుడు ఒకసారి వచ్చి చూడమని ఊరివాళ్ళు కబురు పెట్టారు. గంట పని."

"మంచిది. ఎండగా ఉండగానే పెట్టు," అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

పాసో ఒందోలో ఇద్దరూ దిగారు. "మీ అత్త ఈ ఊళ్ళోనా!" అని సుల్మా నోరు తెరిచేలోపే ఆయన ఊరి క్లబ్బు వైపు నడిచాడు, దారి తెలిసినవాడిలా.

క్లబ్బులో సైరన్ బాధ్యత దొన్యా ఇలారియాది. పొట్టి మనిషి, గట్టి గొంతు, రెండు చేతులకూ ఎప్పుడూ పిండి. నది పొంగితే కింది వాడ అంతా కొండ మీది బడికి ఎక్కాలి. వాన పడిందంటే ఆ దేశంలో ప్రతి ఇంట్లో తోర్తా ఫ్రీతాలనే నూనె రొట్టెలు వేగుతాయి. కాబట్టి పాసో ఒందోలో వరద వస్తే ఆవిడ చేతిలో ఉండేది బాణలి. ప్రాణం, పలహారం ఒకే చోట.

"నువ్వేనా రాజధాని పిల్లవి? మా మాస్టారి సైరన్ జోలికి పోకుండా నీ పని చేసుకో తల్లీ," అంది.

"దాన్ని ముట్టుకోనమ్మా. కింద పునాది మారుస్తానంతే."

"ఇల్లు ముట్టుకోను, పునాది పీకుతానన్నట్టుంది!"

సుల్మా నవ్వి, కొత్త వర్షన్ పెట్టింది. పాత ప్రోగ్రాం లేచింది. రెండు రెప్పపాట్లు అంతా బాగానే ఉంది. తరువాత క్లబ్బు కప్పు మీద సైరన్ ఊళ వేసింది.

బయట ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. నది అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. తెర మీద మాత్రం నీటిమట్టం ఇరవైతొమ్మిది మీటర్లు. ఆ ఊరి చర్చి శిఖరం కూడా అంత ఎత్తు లేదు.

సైరన్ మోత ఆగి ఒక ముసలి గొంతు వినిపించింది. రికార్డు చేసిన గొంతు, కాస్త జలుబు చేసినట్టుంది. "పిల్లలూ, తోసుకోకండి. వరసగా నిలబడండి. చిన్నవాళ్ళు ముందు. ఊఁ, పైకి."

సుల్మా కిటికీలోంచి బయటికి చూసింది. వీధి నిండా జనం. పరుపులు, కోళ్ళు, ఒక టీవీ, ఒక వధువు ఫోటో. ఎవరూ పరుగెత్తడం లేదు, ఎవరూ అరవడం లేదు. డెబ్బై ఏళ్ళ తాతలు, చుట్టలార్పేసి, ముందున్నవాడి భుజం మీద చెయ్యి వేసి, ఎత్తుల ప్రకారం వరస కట్టారు.

"ఎండ మండుతుంటే వరదేమిట్రా ఒసీరిస్?" అన్నాడొకడు.

"మాస్టారు చెప్పాడుగా! వరసలో మాట్లాడకు, గోడకుర్చీ వేయిస్తాడు."

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది?"

"అయితే పో, వెళ్ళి ఆయనకే చెప్పు."

దొన్యా ఇలారియా అప్పటికే బాణలి నెత్తిన పెట్టుకుని వరస చివర నిలబడింది. ఈ మనుషులు ఆ గొంతును అంతగా నమ్ముతారు. ఇవాళ ఉత్తపుణ్యానికి అరిచింది, నవ్వుకుంటారు. రేపు నిజంగా నీళ్ళొచ్చిన నాడు ఇలాగే ఏదో తప్పుడు అంకె చూసుకుని మౌనంగా కూర్చుంటే? సుల్మా గబగబా పాత లైబ్రరీ తిరిగి పెట్టి, సైరన్ ఆపి, తల పట్టుకుంది.

ఇరవైతొమ్మిది. గోడ మీద థర్మామీటరు కూడా ఇరవైతొమ్మిదే చూపిస్తోంది.

అప్పుడర్థమైంది. ఈ ప్రోగ్రాం కౌంటరు దగ్గర ఎన్నడూ నిలబడలేదు. మాస్టారికి కౌంటరు సంగతి ఎవరు చెప్పారు గనక! తెరిచి ఉన్న అల్మరా చూశాడు, చెయ్యి పెట్టాడు, ఫలానా సొరుగులో నీళ్ళని రాసుకున్నాడు, కన్నుమూశాడు. ఇవాళ ప్రోగ్రాం చేతిలో టోకెను పెడితే, దాన్నే అల్మరా అనుకుని, ముందు వరస పోయి జరిగిపోయిన సొరుగుల్లో అదే చోట చెయ్యి పెట్టి గాలి వేడిని పట్టుకుంది. ఇంకో గుమెర్సిందో. ఆ ముందు వరస ఉత్తుత్తి సొరుగులు, ఈ ఒక్క చెయ్యి కోసం.

బయట అరుగు మీద దొన్ ఫెర్మిన్ తీరిగ్గా మాతే పీలుస్తున్నాడు. ఆయన వరసలో నిలబడలేదు, కానీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా!" అని సుల్మా మండిపడింది.

"అడిగావా?"

"అడిగానండీ! ఫోన్ చేసి మరీ అడిగాను, ఎందుకిది అని!"

"అది లోపలి సంగతి. ఎవరికి కావాలి అని అడిగుంటే చెప్పేవాణ్ణి."

"బస్సులోనైనా..."

"బస్సులో చెబితే వరస తిరిగి పెట్టేదానివి. వీళ్ళను చూసేదానివి కాదు." ఒక గుక్క పీల్చాడు. "అయినా ఎండగా ఉండగానే పెట్టమన్నాను కదా. అంత పెద్ద రహస్యం నేను ఇంతకుముందు ఎప్పుడూ బయటపెట్టలేదు."

సుల్మా లోపలికి వెళ్ళి కూర్చుంది. అసలు అల్మరా తలుపు మూసే ఉంచింది. కొత్తగా వచ్చేవాళ్ళకు టోకెనే. దాని ముందు మళ్ళీ ఆ పాత వరసను నిలబెట్టింది, గోడ మీద వేసిన కిటికీ బొమ్మలా. చెయ్యి పెట్టే అలవాటున్న ముసలి ప్రోగ్రాంకు ఎప్పటి చోట ఎప్పటి అంకె దొరుకుతుంది. అది పట్టుకున్నది నకలని దానికి ఎన్నటికీ తెలియదు. పని అయ్యాక గర్వంగా తెరను బయటికి తిప్పింది.

"చూడండి, దొన్ ఫెర్మిన్! మీరు చేసినదానికంటే శుభ్రంగా..."

ఆయన టోపీతో మొహం కప్పుకున్నాడు. "చూపించకు! చూస్తే అలవాటైపోతుంది. నీళ్ళెంత?"

"మోకాలి లోతు."

ఆయన టోపీ కింది నుంచే నదివైపు చూశాడు. నది మధ్యలో ఒక ఆవు నిలబడి ఉంది, మోకాలి లోతు నీళ్ళలో. "ఊఁ," అన్నాడు. ఈ ఊఁ తేలికైనది.

కొండ దిగి వచ్చినవాళ్ళు ఎవరూ కోప్పడలేదు. బడి ముందు పొయ్యి వెలిగించాక ఎండ అని ఆర్పుతారా? పిండి కలిపాక వాన రాలేదని పారబోస్తారా? ఊరంతా పంచదార అంటిన మూతులతో దిగింది. దొన్యా ఇలారియా సుల్మా చేతిలో వేడి తోర్తా ఫ్రీతా పెట్టింది.

"మంచి పనే అయిందమ్మా. చాలా రోజులైంది మాస్టారి గొంతు విని. ఆయన పోయిన ఏడు ఇలాగే ఈ సైరన్‌కు పిచ్చెత్తింది. తీసి కొత్తది పెడతామన్నారు పైవాళ్ళు. మేం ఒప్పుకోలేదు. సరిగ్గా అప్పుడే వచ్చాడు ఈ మహానుభావుడు, అత్తని వెతుక్కుంటూ."

"ఏ అత్త?"

"నేనూ అదే అడిగా. పేరేమిటి నాయనా, ఏ వీధి నాయనా అంటే నోరు విప్పడే! వారం రోజులు సైరన్ గదిలో వెతికాడు అత్తని. వెళ్ళాక సైరన్ బాగయింది. అప్పట్నుంచి ఏటా వానలకు ముందు వస్తాడు, నదికేసి చూస్తాడు, తెరకేసి చూస్తాడు, తింటాడు, పోతాడు. చివరికి నేనే అత్తనైపోయా. వయసులో నాకంటే పెద్దవాడు, సిగ్గులేదు!"

"మాస్టారు ఆయనకు స్నేహితుడా?"

"మొహం కూడా చూసి ఎరగడు. ఇదిగో, పెడితే తిను, అడక్కు. ఆయన దగ్గరే నేర్చుకున్నా ఆ మాట."

సుల్మా కోడులో 'తియ్యకు' అన్న పాత మాట పక్కన, 'ఎందుకు' అన్నది రాయలేదు. 'పాసో ఒందోవాళ్ళకు కావాలి' అని రాసింది. తల ఎత్తి చూసేసరికి అరుగు ఖాళీగా ఉంది.

దొన్ ఫెర్మిన్ అప్పటికే బస్సు రోడ్డు ఎక్కేశాడు, తొడుగు వేసిన ఫ్లాస్కు ఒక చంకలో, ఇంకో చంకలో దొన్యా ఇలారియా కట్టిచ్చిన పొట్లం. రెండు కాగితాలు చుట్టించుకున్నాడు, మూడో కాగితం కూడా అడిగాడట.

"చెప్పకుండా పోతున్నాడే!" అంది సుల్మా.

"ఎప్పుడు చెప్పాడు గనక!"

సుల్మా ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేసింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ఏయ్ ఫ్లాకో!" అని అరిచింది.

ఆయన వెనక్కి తిరగలేదు. కానీ చెయ్యి ఠక్కున పైకి లేచింది, అలవాటు కొద్దీ. చంకలోని పొట్లం జారబోయి మళ్ళీ ఇరుక్కుంది. కాగితాలు మూడూ దాటి జిడ్డు అప్పటికే చొక్కా దాకా ఊరింది. ఊరి కుక్కలన్నీ వరస కట్టి, చిన్నవి ముందు, పెద్దవి వెనక, ఆయన వెంట నడుస్తున్నాయి. లోపల ఏముందో వాటికెవరూ చెప్పనక్కర్లేకపోయింది.